ఎమ్మెస్ అనే కోల్డ్ స్టోరేజీ

ధర లేనప్పుడు మిరపకాయల్ని ఏం చేయాలో గుంటూరులో ఎవర్నడిగినా చెబుతారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. ఉద్యోగం లేనప్పుడు బీటెక్ పిల్లాణ్ణి ఏం చేయాలన్నదానికీ ఇక్కడి పెద్దలు అదే జవాబు ఖాయం చేశారు. అమెరికాలో ఎమ్మెస్‌కి పంపాలి. రెండేళ్లు చల్లగా ఉంటాడు, రంగు చెడదు, ఈలోపు మార్కెట్ లేస్తుంది. ఆ గిడ్డంగికి ఇప్పుడు వేలాడుతున్న బోర్డు పేరు సైబర్ సెక్యూరిటీ. నిన్నటిదాకా డేటా సైన్స్ అని ఉండేది. కొత్త రంగు కింద పాత అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఈ విధానాన్ని వెక్కిరించాలని కాదు. మిరపకాయ విషయంలో మనం తూచా తప్పకుండా పాటించే నియమాలు పిల్లాడికీ పెడితే బాగుంటుందని మాత్రమే మనవి.

తడి కాయ లోపలికి పంపకూడదు. కల్లంలో బాగా ఎండాకే టిక్కీ (మిరప బస్తా) కుట్టాలి, లేదంటే బూజు. మేలు రకం తేజ పెడితే తేజ వస్తుంది, రంగు పోయిన తాలు పెడితే తాలే వస్తుంది. చల్లగదిలో తాలు కాస్తా తేజ అయిన దాఖలా మిర్చి యార్డులో లేదు. అంచేత ఎండబెట్టడం అన్నది విదేశీ చదువులకు పంపే బ్రాడీపేట కన్సల్టెన్సీ మెట్లెక్కకముందే అయిపోవాలి. ఇంట్లోనే దాడి చేయడం, దాన్ని పసిగట్టడం సాధన చేయడమే ఆ ఎండ. సరంజామా ఎక్కువేం కాదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక కంప్యూటర్లోనే ఇంకొన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే వర్చువల్‌బాక్స్, అందులో దాడికి ఒక కాలీ లినక్స్, ఒక విండోస్, కావాలనే తూట్లు పొడిచి వదిలిన మెటాస్ప్లాయిటబుల్, లాగ్‌లు, అంటే కంప్యూటర్లు రాసుకునే చిట్టాలు, చూడ్డానికి వాజూ. వాజూ ఉచితమేగాని ర్యామ్ బాగా తాగుతుంది. నాలుగూ ఒకేసారి లేపితే ల్యాప్‌టాప్ మీద అట్టు పోసుకోవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగ్ మాత్రం హోస్ట్-ఓన్లీలోనే, అంటే ల్యాప్‌టాప్ గడప దాటకుండా, ఉంచాలి. తొందరపడి బ్రిడ్జ్‌డ్ నొక్కారో, ఆ తూట్ల మిషన్ నేరుగా ఇంటి వైఫైలోకి వచ్చి నాన్నగారి ఫోన్ పక్కన పీట వేసుకు కూర్చుంటుంది.

అంతా సిద్ధమయ్యాక కాలీ నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ని (దూరం నుంచి ఆ కంప్యూటర్ తెరిచే దారిని) తప్పుడు పాస్‌వర్డ్‌లతో బాదాలి. సెక్యూరిటీ లాగ్‌లో 4625లు వరసగా పడతాయి. 4625 అనగానే విఫలమైన లాగిన్ గుర్తురావాలి. ఏపీ 07 తర్వాత వచ్చే బండి నంబరు గుర్తొస్తే కాయ ఇంకా పచ్చిదే. రిమోట్ డెస్క్‌టాప్ కదా, లాగిన్ ఏ దారిన వచ్చిందో చెప్పే లాగాన్ టైప్ 10 అని పడాలి, మరి నెట్‌వర్క్ దారికి గుర్తయిన 3 అని పడిందేమిటి? నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఆన్‌లో ఉంటే తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ తనిఖీ నెట్‌వర్క్ మీదే జరిగిపోతుంది, అందుకు. ఈ 'అందుకు' కోసం ఒక రాత్రి నిద్ర మానుకున్నవాడికి ఎమ్మెస్ పనికొస్తుంది. అలాంటివాడికి ఎమ్మెస్ లేకున్నా పని జరుగుతుందన్నది వేరే సంగతి, కన్సల్టెన్సీలో పైకి అనరాదు.

ఇక అద్దె. టిక్కీకి ఏడాది కిరాయెంతో, దాని మీద తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పే పెద్దమనిషి, కొడుకు దగ్గరికొచ్చేసరికి "దేవుడున్నాడు లెండి" అంటాడు. దేవుడు ఉన్నాడు, బ్యాంకు కూడా ఉంది. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకోండి. చదువు రెండేళ్లు, ఆపైన ఆరు నెలల గడువు. ఈ 30 నెలలూ కట్టక్కర్లేదు అంటారుగాని పెరగదు అనరు. నెలకు 36,667 చొప్పున 11 లక్షలు లోపల్లోపలే పెరిగి, అసలు 51 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేల పైచిలుకు. చదువు అప్పుకు పన్ను మినహాయింపు ఉందిగా అంటారు. ఉంది, వడ్డీకే, ఎనిమిదేళ్లే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

అమెరికాలో సైబర్ ఉద్యోగాలు కుప్పలుగా ఖాళీ అని కన్సల్టెన్సీ కరపత్రం చెబుతుంది. నిజమే కావచ్చు. అందులో రక్షణ శాఖ పనులకీ, ప్రభుత్వ కాంట్రాక్టులకీ చాలావాటికి ఆ దేశ పౌరుడై ఉండాలన్న ముక్క మాత్రం కరపత్రంలో పట్టలేదు, చోటు చాల్లేదు కాబోలు. చదువయ్యాక అక్కడే పని చేసుకునే అనుమతి, ఓపీటీ, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ) కోర్సు కాబట్టి ఇంకో 24. మొదటి ఏడాదిలో ఖాళీగా కూర్చోడానికి అనుమతి మొత్తం 90 రోజులు. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్1బీకి లాటరీ, ఏడాదికి 85 వేల వీసాలు. లాటరీ తగలాలని ఇంద్రకీలాద్రి మెట్లకు పసుపు కుంకుమలు పూయడం ఏ సిలబస్‌లోనూ లేకపోయినా, ఆచరణలో అదే థీసిస్.

"డిగ్రీ ఉంటే పెద్ద సర్టిఫికెట్లు సులువు" అన్న మాట కూడా వినబడుతుంటుంది. సీఐఎస్‌ఎస్‌పీ అనే పెద్ద సైబర్ సర్టిఫికెట్‌కి ఐదేళ్ల అనుభవం కావాలి. డిగ్రీకి ఒక ఏడాది తగ్గిస్తారు, ఒక్క ఏడాదే. దానికి మీవాడి కంప్యూటర్ సైన్స్ బీటెక్ చాలు. 40 లక్షల ఎమ్మెస్ చూపించినా రెండో ఏడాది తగ్గదు. చొరబడి చూపించాల్సిన ఓఎస్‌సీపీ సర్టిఫికెట్ వాళ్లయితే అసలు డిగ్రీ అడగరు. 23 గంటల 45 నిమిషాలు మిషన్ల ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాత రిపోర్టు రాయడానికి ఇంకో రోజు ఇస్తారు. రిపోర్టులో స్క్రీన్‌షాట్ మర్చిపోతే పగలగొట్టిన మిషన్ కూడా లెక్కలోకి రాదు.

మన దగ్గర పని లేదా అంటే ఉంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం చొరబాటు సంగతి తెలిసిన 6 గంటల్లోగా కంపెనీలు దానికి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ ఆరు గంటల కోసం రాత్రంతా ఎవరో ఒకరు మేలుకోవాలి. ఆ ఎవరో ఒకర్నే సాక్ (భద్రతా కాపలా కేంద్రం) ఎల్1, అంటే మొదటి మెట్టు, ఎనలిస్ట్ అంటారు. వాళ్లకొచ్చే అలర్టుల్లో ఎక్కువ భాగం తాలే, ఏరుకోవడమే కొలువు. యార్డు దగ్గర పెరిగినవాడికి ఇంతకన్నా అర్హత ఏం కావాలో తెలియదు.

గేట్ రాసి ఇక్కడే ఎంటెక్‌లో చేరినవాడికి నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది. అంటే కోల్డ్ స్టోరేజీయే టిక్కీకి అద్దె కడుతుందన్నమాట. ఇంత అవమానకరమైన ఏర్పాటును ఏ పరువుగల కుటుంబమూ ఒప్పుకోదు. క్రిప్టోగ్రఫీలో పరిశోధన చేద్దామనుకున్నవాడు, కాలేజీలో పాఠాలు చెబుదామనుకున్నవాడు, మెకానికల్ నుంచి ఇటు మారుతున్నవాడు, ఫీజు కంపెనీ నెత్తిన వేసినవాడు నిరభ్యంతరంగా మాస్టర్స్ చదువుకోవచ్చు. వీళ్లు కన్సల్టెన్సీకి రారు కాబట్టి లెక్కలోకీ రారు.

మిగతావాళ్ల పని చకచకా సాగుతుంది. లోను కాగితాల రోజున నాన్నగారి ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. కన్సల్టెన్సీ అబ్బాయి ఫోన్లో "చెప్పండి అంకుల్" అంటాడు. కళ్లజోడు లేక నాన్నగారు తడబడుతుంటే, సైబర్ సెక్యూరిటీలో మాస్టర్స్ చేయబోతున్న కొడుకు ఫోన్ లాక్కుని, ఆరు అంకెలూ స్పష్టంగా, గట్టిగా, రెండుసార్లు చదివి వినిపిస్తాడు.