సవరణ: మాట్‌ప్లాట్‌లిబ్‌లో తెలుగు అక్షరాలకు ఫాంట్ ఒక్కటే చాలదు

పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మాట్‌ప్లాట్‌లిబ్‌తో వేసిన పెన్నా నీటిమట్టాల గ్రాఫ్ గురించి ఇంతకుముందు రాస్తూ, ఫాంట్‌ను నోటో సాన్స్ తెలుగుకు మారిస్తే తెలుగు అక్షరాల బదులు కనబడే డబ్బాలు పోయి అక్షరాలు సరిగ్గా వస్తాయని చెప్పాను. అది సగమే నిజం. డబ్బాలు పోతాయి, ఒత్తులు, గుణింతాలు మాత్రం కుదరవు.

నేను పరీక్షించింది ‘సంగం’ అనే ఒక్క పేరుతో. సంగం బ్యారేజీ గ్రాఫ్ కదా! అందులో ఒత్తూ లేదు, సున్న తప్ప గుణింతమూ లేదు. తర్వాత ‘నెల్లూరు’ రాస్తే ల కింద ఒత్తు రాలేదు, పొల్లు విడిగా నిలబడింది. యూనికోడ్‌లో ‘ల్లూ’ అంటే ల, పొల్లు, మళ్ళీ ల, కొమ్ముదీర్ఘం. వాటిని కలిపి ఒక అక్షరంగా పేర్చే పని ఫాంట్ ఒక్కటే చేయలేదు, గీసే ప్రోగ్రాం కూడా చేయాలి. నేను వాడిన మాట్‌ప్లాట్‌లిబ్ 3.8 వెర్షన్ ఆ పని చేయదు.

మాట్‌ప్లాట్‌లిబ్‌కు ఎంప్లాట్‌కైరో (mplcairo) అనే బ్యాకెండ్‌ను, అంటే బొమ్మను గీసే భాగాన్ని, అక్షరాలను పేర్చే రాక్మ్ (Raqm) లైబ్రరీతో కలిపి వాడితే ఒత్తులు కుదురుతాయి. గ్రాఫులను బ్రౌజర్‌లో చూపే ప్లాట్లీ అనే మరో లైబ్రరీ అయితే ఇంకా సులువు, అక్కడ అక్షరాలను పేర్చేది బ్రౌజరే. నా మాట నమ్మి రిపోర్టుల్లో గ్రాఫులు పెట్టినవాళ్ళు ఊరిపేర్లు ఒకసారి సరిచూసుకోండి. క్షమించండి.