స్కానర్ కొనే ముందు మీ కౌంటీ సంగతి కనుక్కోండి

మార్చి వచ్చి ఇక్కడ ఉత్తర టెక్సాస్‌లో మబ్బులు ముదరడం మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న ఖాయం. "అన్నా, మంచి పోలీస్ స్కానర్ ఏదైనా చెప్పవా? కారుకీ ఇంటికీ ఒకటే అయితే బాగుంటుంది." పోలీసు, ఫైర్ వాళ్లు రేడియోలో మాట్లాడుకునేది మనకు వినిపించే పెట్టె అన్నమాట. కింద వరసగా జవాబులు. ఒకాయన ఆన్‌లైన్ లింకు పడేస్తాడు. ఇంకొకాయన యాప్ ఉండగా డబ్బులెందుకు తగలేస్తావంటాడు. మూడో ఆయన ఏడు వందల డాలర్లది తప్ప వేరేది ముట్టుకోవద్దంటాడు. అందరూ మోడల్ దగ్గరే కొట్టుకుంటారు. మీరుండేది ఏ కౌంటీ, అసలు ఎవరి మాటలు వినాలని మీ కోరిక అని అడిగేవాళ్లే కరువు. ఆ రెండూ తేలితే మోడల్ దానంతట అదే తేలుతుంది. చాలా ఇళ్లకు స్కానర్ అవసరమే లేదని కూడా తేలుతుంది.

పాత రోజుల్లో పోలీసులకు ఒక ఫ్రీక్వెన్సీ, ఫైర్ వాళ్లకు ఒక ఫ్రీక్వెన్సీ ఉండేవి. ఆ నంబరు నొక్కితే మాటలు వినపడేవి. పెద్ద ఊళ్లలో ఇప్పుడు నడిచేది ట్రంకింగ్, అంటే ఫ్రీక్వెన్సీలన్నీ ఉమ్మడి, అప్పటికి ఏది ఖాళీగా ఉంటే అది. విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సుకి ఫలానా ప్లాట్‌ఫారం అని లేదనుకోండి. ఏది ఖాళీగా ఉంటే అక్కడికొచ్చి ఆగుతుంది, ఎక్కడ ఆగిందో మైకులో చెబుతారు. ఇక్కడ మైకు పని చేసేది కంట్రోల్ ఛానల్, బస్సు పేరు టాక్‌గ్రూప్, అంటే తమలో తాము మాట్లాడుకునే ఒక్కో జట్టు. స్కానర్ ఆ మైకు వింటూ, మనకు కావలసిన టాక్‌గ్రూప్ ఏ ఫ్రీక్వెన్సీకి వెళ్తే అక్కడికి వెంటనే దూకాలి. దీనికి తోడు మాటంతా డిజిటల్. దానికి వాడే ప్రమాణాన్ని ప్రాజెక్ట్ 25 అంటారు, వాడుకలో పీ25. అందులో మళ్లీ ఫేజ్ 1, ఫేజ్ 2. రెండో దాంట్లో ఒకే 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్ మీద రెండు సంభాషణలు వంతులవారీగా నడుస్తాయి.

వంద డాలర్ల స్కానర్ కొన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. యూనిడెన్ బీసీ125ఏటీ లాంటిది చక్కటి చిన్న రేడియో, కాదనను. కానీ అది అనలాగ్, పైగా 512 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. మన వాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో పోలీసు, ఫైర్ మాటలు చాలావరకు 700, 800 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తాయి. పెట్టె తెరిచి, బ్యాటరీలు వేసి, రెండు రోజులు ఓపిక పట్టి, ఇదేదో పాడైంది అని తిరిగి పంపేస్తారు. పాపం దాని తప్పేమీ లేదు.

అదే రేడియోని విమానాల కోసమో రైళ్ల కోసమో కొనండి, డబ్బుకు తగిన సరుకు. విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఇప్పటికీ పాత పద్ధతిలో, దాపరికం లేకుండా మాట్లాడుకుంటాయి. రైళ్లు 160, 161 దగ్గర. ఇండియా నుంచి వచ్చినప్పుడు, రైల్వేలో రిటైరైన మా మామగారికి పొద్దుపోయేది దీంతోనే. ఇక్కడ గూడ్సు బండి వెళ్లగానే లైన్ పక్కనుండే డిటెక్టర్ రేడియోలో మరగొంతుతో మైలురాయి నంబరు, "నో డిఫెక్ట్స్", మొత్తం ఇరుసులు ఇన్ని అని చెబుతుంది. ఆయన పేటియోలో కూర్చుని ఆ ఇరుసుల లెక్క కాగితం మీద రాసుకుని, ఇంత పొడుగు బండికి వెనకాల గార్డు లేడేమిటయ్యా అని ఆశ్చర్యపోయేవారు.

పోలీసులనే వినాలంటే మాత్రం ముందు ఎన్‌క్రిప్షన్ సంగతి, అంటే బయటివాళ్లకు అర్థం కాకుండా మాటకు తాళం వేయడం సంగతి చూడాలి. డెన్వర్ పోలీసులు 2019లో తమ రేడియోకి తాళం వేశారు. షికాగో 2022లో మొదలుపెట్టి, జనానికి అరగంట ఆలస్యంగా వినిపిస్తోంది. న్యూయార్క్ 2023లో బ్రూక్లిన్‌తో మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో 2020 అక్టోబరులో రాష్ట్ర న్యాయశాఖ, మనుషుల వ్యక్తిగత వివరాలు గాల్లోకి పోకూడదని ఆదేశమిస్తే చాలా ఊళ్లు మొత్తం మూసేసుకున్నాయి. పాలో ఆల్టో 2021లో మూసి, జనం గోల పెట్టాక మరుసటి ఏడు మళ్లీ తెరిచింది. తాళం పడ్డ టాక్‌గ్రూప్‌ని ఏ స్కానరూ వినిపించలేదు. రెండు వేల డాలర్లు పెట్టినా వినిపించదు. తాళం తీయాలని చూడటం చట్టరీత్యా నేరం కూడా.

ఇందులో నా అభిప్రాయం చెప్పేస్తాను. డ్రైవింగ్ లైసెన్సు నంబర్లు, బాధితుల పేర్లు, దాడికి ముందు వేసుకునే పథకాలు మూసి ఉంచాల్సిందే. కానీ రోజువారీ డిస్పాచ్‌ని, అంటే ఏ బండి ఎక్కడికి వెళ్లాలో చెప్పే మాటల్ని, అందులోనూ ఫైర్, అంబులెన్సుల డిస్పాచ్‌ని మూసేయడం అన్యాయం. వీధి చివర పొగ లేస్తుంటే ఏమిటో తెలుసుకునే హక్కు ఆ వీధిలో ఇంటి పన్ను కట్టేవాడికి ఉంది. మీ సిటీ కౌన్సిల్‌లో ఈ విషయం చర్చకొచ్చినప్పుడు వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడండి. మన వాళ్లు స్కూలు హద్దుల గొడవకు తప్ప ఆ హాలు మెట్లెక్కరు.

మీ ఊరి తాళం సంగతి తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రేడియోరిఫరెన్స్ అనే వెబ్‌సైటు డేటాబేసులో మీ రాష్ట్రం, మీ కౌంటీ తెరవండి. ఒక్కో టాక్‌గ్రూప్ పక్కన మోడ్ అనే గడి ఉంటుంది. ఇంగ్లీషు డి ఉంటే డిజిటల్, టి ఉంటే ఫేజ్ 2. దాని పక్కన పెద్ద బడి ఈ ఉంటే పూర్తిగా తాళం, చిన్న బడి ఈ ఉంటే అప్పుడప్పుడు తాళం. మీ ఊరి పోలీస్ డిస్పాచ్ ఎదురుగా పెద్ద ఈ కనిపించిందా, ఆ ఏడు వందలు ఇంకెందుకైనా వాడుకోండి.

తాళం లేదు, ఫేజ్ 2 ఉంది అనుకుందాం. అప్పుడు ఇంకొక చిక్కు, సైమల్‌కాస్ట్. ఊరంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నాలుగైదు టవర్లు ఒకే మాటను ఒకేసారి పంపిస్తాయి. ఆ టవర్ల మధ్య ఇల్లున్నవాడికి రెండు టవర్ల సిగ్నల్ కొంచెం ముందూ వెనకా చేరుతుంది. పాత తరం డిజిటల్ స్కానర్లు అక్కడ తడబడతాయి. మాట సగంలో తెగిపోతుంది, లేదా గొంతులో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు గరగరమంటుంది. తమాషా ఏమిటంటే సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా చూపిస్తుంటాయి. యూనిడెన్ 2018లో ఎస్‌డీఎస్100, మరుసటి ఏడు ఎస్‌డీఎస్200 తెచ్చింది ఈ జబ్బుకే. మొదటిది చేతిలో పట్టుకునేది, రెండోది బల్ల మీదో డాష్‌బోర్డులోనో పెట్టుకునేది. జిప్‌కోడ్ కొడితే చాలు, ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ ఎక్కించుకుంటాయి. అన్నీ అంటే నిజంగానే అన్నీ. స్కూలు బస్సులు, చెత్తబండ్లు, ఆసుపత్రి మెయింటెనెన్సు వాళ్లు, ఒకటే రొద. మొదటి వారం పని ఏమిటంటే, అక్కర్లేనిది వినపడ్డప్పుడల్లా అవాయిడ్ బటన్ నొక్కుతూ కూర్చోవడం. ఆ ఓపిక లేనివాళ్లు స్కానర్ బాగాలేదని తీర్పు చెబుతారు.

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొదవ లేదు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. నలభై డాలర్ల లోపు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో) ఒకటి, మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి, ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్‌ట్రంక్ ప్రోగ్రాం. ఇంటికి ఇది సరిపోతుంది. హైస్కూలు పిల్లలున్న ఇంట్లో అయితే నేను స్కానర్ కంటే దీనికే ఓటేస్తాను. కంట్రోల్ ఛానల్ మీద టాక్‌గ్రూప్‌లు వచ్చిపోవడం తెర మీద కళ్లతో చూస్తారు.

ఏ పెట్టె కొన్నా యాంటెన్నా సరిగ్గా లేకపోతే దండగ. ఈ మధ్య కట్టిన ఇళ్ల కిటికీ అద్దాలకు వేడి ఆపడానికి సన్నటి లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ని కూడా ఆపుతుంది. కప్పు మీద పెడితే హెచ్ఓఏ నుంచి ఉత్తరం వస్తుంది. టీవీ డిష్‌లకు రేడియోల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చిన రక్షణ స్కానర్ యాంటెన్నాలకు వర్తించదు. కాబట్టి అటిక్‌లో పెట్టుకోండి. యాంటెన్నా మాత్రమే. ఆగస్టులో ఆ వేడికి రేడియో పెడితే ఉడికిపోతుంది. టీవీ కోసం వాడే ఆర్‌జీ-6 కేబుల్ వినడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంత చెప్పినా, ఇంటికి మొట్టమొదట కొనాల్సింది స్కానర్ కాదు, వాతావరణ శాఖ హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. 2015 డిసెంబరు 26న గార్లండ్, రౌలెట్ల మీద విరుచుకుపడ్డ టోర్నడో చీకటి పడ్డాకే వచ్చింది, పది మందిని పొట్టన పెట్టుకుంది. 2019 అక్టోబరు 20న ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్‌లను చీల్చుకుంటూ పోయింది కూడా రాత్రి పూటే, ఆదివారం. ఆ రోజు కౌబాయ్స్ మ్యాచ్ చూపిస్తున్న టీవీ ఛానల్ హెచ్చరిక వేయడానికి కొన్ని నిమిషాలు ఆలస్యం చేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. వీధుల్లో మోగే సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ల కోసం. ఏసీ వేసుకుని తలుపులు బిగించి పడుకున్నవాళ్లను లేపడం వాటి పని కాదు. ఫోన్ సైలెంట్‌లో ఉండొచ్చు, ఛార్జింగ్ అయిపోవచ్చు. ముప్ఫై, నలభై డాలర్ల వెదర్ రేడియో కరెంటు పోయినా లోపలి బ్యాటరీల మీద బతుకుతుంది, మనం నిద్రలో ఉన్నా లేచి కూర్చునేలా అరుస్తుంది. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడే ఏడు ఛానళ్లు. డాలస్‌ది మొదటిది, ఫోర్ట్‌వర్త్‌ది చివరిది. దివిసీమ ఉప్పెన చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది, సగం మంది చెయ్యరు. మీ కౌంటీ కోడ్ ఎక్కించాలి. కాలిన్ కౌంటీకి 048085, డెంటన్‌కు 048121, డాలస్‌కు 048113. అది పెట్టకపోతే ఎక్కడో అరవై మైళ్ల అవతల కౌంటీకి వచ్చిన హెచ్చరికకు కూడా రాత్రి రెండింటికి మొత్తుకుంటుంది. అలా రెండుసార్లు జరగ్గానే ఇంటావిడ ప్లగ్గు పీకి అల్మరాలో పడేస్తుంది. ఆవిణ్ణి అనడానికేం లేదు.

ఇక కారు. కారులో స్కానర్ వద్దనే నా మాట. ముందు చట్టం చూడండి. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీల్లో పోలీసు ఫ్రీక్వెన్సీలు వినే రేడియోని అనుమతి లేకుండా బండిలో పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. టెక్సాస్‌లో కొని బిగించుకుని సెలవుల్లో ఫ్లోరిడా బయల్దేరితే, దారిలో పోలీసు ఆపినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ అస్సలు అక్కర్లేదు. తర్వాత బండి సంగతి. మన వాళ్లలో టెస్లాలు ఎక్కువ. అయస్కాంతం యాంటెన్నా గాజు కప్పుకి అంటుకోదు. చవకరకం యూఎస్‌బీ ఛార్జర్లు, డాష్‌క్యామ్‌లు విసిరే కరెంటు రొద సరేసరి. డ్రైవ్ చేస్తూ ఎవరిదో కారు ఛేజింగ్ వింటుంటే మన చూపు రోడ్డు మీద ఉండదు కూడా.

అసలు కారులో మనకు పనికొచ్చేది వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. లాంగ్ వీకెండ్ వస్తే నాలుగు కుటుంబాలు, నాలుగు బళ్లు, బిగ్ బెండో ఎల్లోస్టోనో. సిగ్నల్ పోగానే ముందు బండి ఎక్కడ మలుపు తిరిగిందో వెనక బండికి తెలియదు, పులిహోర డబ్బా ఒక బండిలో, ఆకలేసిన పిల్లలు ఇంకో బండిలో. దీనికి జీఎంఆర్‌ఎస్ అనే వాకీటాకీ రకం రేడియోలున్నాయి. లైసెన్సుకు పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్లు, ఇంటిల్లిపాదికీ ఒకటే. పౌరసత్వం అడగరు. ఇంకొంచెం ఆసక్తి ఉంటే హామ్, అంటే సరదాకి నడిపే అమెచ్యూర్ రేడియోకి టెక్నీషియన్ పరీక్ష రాయండి. 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే చాలు, మన వాళ్లకు అదొక లెక్కా. పైన చెప్పిన నాలుగు రాష్ట్రాల చట్టాల్లోనూ హామ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. హామ్ మనకు కొత్తేమీ కాదు. 2004లో సునామీ వచ్చిన రోజు అండమాన్‌లో ఉండి బయటి ప్రపంచానికి కబురు అందించిన హామ్ బృందాన్ని పంపింది హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థే.

ఇంకొక్క మాట, ఇది కొంతమందికి నచ్చదు. స్కానర్‌లో విన్నది వాట్సాప్‌లో పెట్టకండి. డిస్పాచ్‌లో వచ్చేది మొదటి కబురు, అందులో సగం తప్పు. "తుపాకీ చప్పుడు" అని వచ్చినది టపాకాయ అని పది నిమిషాల్లో తేలుతుంది, కానీ ఆ రెండో కబురు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఫలానా వీధిలో ఫలానా నంబరు ఇంటికి అంబులెన్సు వెళ్తోందని మూడు వందల మందికి చెప్పడం ఇంకా ఘోరం. ఆ ఇంట్లో వాళ్లు మన గ్రూపులోనే ఉండొచ్చు. పోలీసు రేడియోలకు తాళాలు పడటానికి చెబుతున్న కారణాల్లో ఇదీ ఒకటి. అలాంటి మెసేజ్ కనిపిస్తే గ్రూపు అడ్మిన్ వెంటనే తీసేయాలి, పెట్టినవాడు స్నేహితుడైనా సరే.

ఇవన్నీ చూసుకుని, మీ కౌంటీలో తాళం లేదని తేలి, స్కానర్ కొనాల్సిందే అనుకుంటే ఇంటికి ఎస్‌డీఎస్200 తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా నయం, ఊరికి తాళం పడ్డవాళ్లు అమ్మేస్తుంటారు. డీఎంఆర్, ఎన్ఎక్స్‌డీఎన్ లాంటి వేరే డిజిటల్ పద్ధతులు వినడానికి విడిగా డబ్బు కట్టి తీసుకునే అప్‌గ్రేడ్‌లు మనిషి పేరు మీద కాదు, పెట్టె నంబరు మీద ఉంటాయి. పాత యజమాని కట్టేసి ఉంటే మీకు కలిసొచ్చినట్టే. అందుకే డబ్బులిచ్చే ముందు మెనూలో అవి ఆన్ అయి ఉన్నాయో లేదో ఆయన చేతే తెరిపించి చూడండి.