టిఫాను సీమంతం దాకా ఆపమనే ఆ మెసేజ్‌కి జవాబు

"స్కానింగ్ అంటే భయపడే గర్భిణులు తప్పక చదవండి" అంటూ ఒక మెసేజ్ అమలాపురం నుంచి పాలకొల్లు దాకా గ్రూపులన్నీ చుట్టేస్తోంది. టిఫా అంటే ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయా అని చూసే స్కాన్; దాన్ని సీమంతం దాకా ఆపమంటోంది ఆ మెసేజ్. ఈ వారంలో నాకే నలుగురు పంపారు. అందరూ మంచి మనసుతోనే పంపారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

"స్కానింగ్ కిరణాలు బిడ్డకు చేటు." అసలక్కడ కిరణాలే లేవు. అది మన చెవికి అందని శబ్దం. డాక్టరు చెప్పకుండా ముచ్చట కోసం పదేపదే చేయించుకోవద్దు, అంతే.

"ముందు రెండు పూతరేకులు తింటే బిడ్డ చక్కగా తిరుగుతుంది." షుగరున్న తల్లికి కూడా ఇదే చెప్తారా? బిడ్డ బోర్లా ఉంటే కాసేపు నడిచి రమ్మంటారు, లేదా ఇంకో రోజు రమ్మంటారు. మళ్లీ రమ్మన్నంత మాత్రాన లోపం కనబడిందని కాదు.

"మూడు లీటర్లు తాగి, ఆపుకుని వెళ్లండి." తొలి నెలల్లో పొట్ట మీంచి చేసే స్కాన్‌కి మూడు నాలుగు గ్లాసులు చాలు, అవీ సెంటరుకు చేరాక తాగొచ్చు. ఐదో నెలలో అంత కూడా అక్కర్లేదు. మూత్రాశయం మరీ ఉబ్బితే గర్భసంచి కింది భాగాన్ని నొక్కేసి, పైనున్న మాయ (ప్లాసెంటా) కూడా కిందికి ఉన్నట్టు కనబడుతుంది. గోదావరి లంకల నుంచి ఆటోలో కుదుపుల మీద వచ్చే మనిషికి ఈ హింస ఎందుకు?

"తల్లి భయపడితే బిడ్డకు లోపం వస్తుంది." భయానికి గుండె దడదడలాడుతుంది, బీపీ కాస్త పెరుగుతుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. బిడ్డ గుండె గదులూ వెన్నెముకా అప్పటికే ఏర్పడి ఉంటాయి, ఆ పూట పడ్డ భయం వాటిని మార్చదు. భయపడుతున్న మనిషికి "నీ భయమే బిడ్డకు శాపం" అని చెప్పడం కంటే క్రూరమైన మాట ఉంటుందా? రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా మాత్రం స్కాన్ రోజు దాకా ఆగొద్దు. డాక్టరుకు చెప్పండి, లేదా మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయ నంబరు టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఇక నాకు ఒళ్లు మండించిన మాట: "భయంగా ఉంటే టిఫాను సీమంతం అయ్యాక చేయించుకోండి, అప్పటికి బిడ్డ పెద్దదై స్పష్టంగా కనబడుతుంది." పూర్తిగా తప్పు. ఏడో నెలకు ఎముకలు గట్టిపడి, వాటి నీడ వెనకున్న అవయవాల మీద పడుతుంది. బిడ్డ ముడుచుకుని ఉంటుంది, తిరగడానికి చోటు తగ్గుతుంది. టిఫాకి సరైన కాలం 18 నుంచి 22 వారాలు. ఆ వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి, నెల తప్పిన రోజు నుంచి కాదు. గుండెలోనో వెన్నులోనో తేడా ఉన్నట్టు అప్పుడే తెలిస్తే ఇంకో స్కాన్ చేయించడానికీ, పిల్లల సర్జన్ ఉన్న ఆస్పత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవడానికీ వ్యవధి ఉంటుంది. గర్భం విషయంలో ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, 24 వారాలు దాటాక తీవ్రమైన లోపానికైనా మెడికల్ బోర్డు అనుమతి కావాలి. ఇంత గడువును ఒక ఫార్వర్డ్ మాట నమ్మి పోగొట్టుకుంటారా? జులై, ఆగస్టుల్లో టిఫా పడే లంకవాళ్లయితే 18, 19 వారాలకే చేయించుకోండి. వరదకు కాజ్‌వే మునిగితే పడవే దిక్కు.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం: "స్కాన్ చేసేవాళ్లు నోరు విప్పరు, ఆ మౌనమే చంపేస్తుంది." ఒప్పుకుంటున్నాను. తల, తొడ ఎముక, పొట్ట కొలుస్తూ, కదిలే బిడ్డలో గుండె నాలుగు గదులూ చూస్తున్నప్పుడు మాట్లాడటం కష్టమే. కానీ పడుకున్న తల్లి అరగంటసేపు డాక్టరు ముఖమే చదువుకుంటుంది. "గుండె కొట్టుకుంటోందమ్మా, కొలతలయ్యాక అన్నీ చెప్తా" అనడానికి ఎంతసేపు పడుతుంది? వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. ఆడా మగా అన్నది తప్ప ఏదైనా అడగొచ్చు. రిపోర్టులో "మాయ కిందికి ఉంది" అని రాస్తే ఇంటికెళ్లి ఫోన్లో వెతకొద్దు, అక్కడే అడిగి తెలుసుకోండి. ఐదో నెలలో అలా ఉన్నవాళ్లలో చాలామందికి గర్భసంచి పెరిగేకొద్దీ మాయ పైకి జరుగుతుంది. 32 వారాలప్పుడు మరోసారి చూస్తారు.