ఆ ఫార్వర్డ్ నమ్మి టీసీ తీసుకోకండి

మద్రాసు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. కొరుక్కుపేట నుంచి టి.నగర్ దాకా ఏ గ్రూపు తెరిచినా అదే. క్లుప్తంగా అది చెప్పేదిది: సమగ్ర శిక్ష పేరుతో కేంద్రం దేశమంతా ఒకే బోర్డు, ఒకే సిలబస్ తెస్తోంది. అది హిందీ పథకం. డబ్బంతా ఢిల్లీదే, తమిళనాడు వద్దనడంతో ఇక్కడ రద్దయిపోయింది. ప్రైవేటు బడి పిల్లలకు దాంతో పనిలేదు. వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడుల నుంచి తీసేసి స్పెషల్ స్కూళ్లకు పంపుతారు, కాబట్టి ముందే టీసీ తీసుకోండి. చివర్లో ‘అందరికీ పంపండి’ షరా మామూలే.

ఆ టీసీ మాట లేకపోతే నేనూ చూసి వదిలేసేవాణ్ణే.

ముందు ‘ఒకే బోర్డు’ సంగతి. ఇక్కడ కలిసినవి పథకాలు, బోర్డులు కావు. 2001 నాటి సర్వశిక్షా అభియాన్, 2009 నాటి మాధ్యమిక శిక్షా అభియాన్, టీచర్ల శిక్షణ పథకం, బడులకు డబ్బిచ్చే ఈ మూడు కేంద్ర పథకాల్నీ 2018లో కలిపి ఒకటి చేశారు, అదే సమగ్ర శిక్ష. అంతకుముందు ఎనిమిదో తరగతి దాకా ఒక పద్దు, ఆపైన ఇంకో పద్దు ఉండేవి. ఇప్పుడు ప్రీస్కూలు నుంచి పన్నెండు దాకా ఒకటే. ఏ పాఠం చెప్పాలన్నది రాష్ట్ర బోర్డు చేతిలోనే ఉంది. అసలు చెన్నైలో బోర్డుల్ని కలిపింది తమిళనాడు ప్రభుత్వమే. 2010 చట్టంతో స్టేట్ బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ నాలుగింటినీ కలిపి సమచ్చీర్ కల్వి, అంటే అందరికీ ఒకే తరహా చదువు, తెచ్చారు. 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ అది. మెసేజ్ రాసినాయనకు ఆ కథ లీలగా గుర్తుండి ఇక్కడ అతికించినట్టున్నాడు.

హిందీ భయం మాత్రం ఊరికే పుట్టలేదు. జాతీయ విద్యా విధానం 2020లో మూడు భాషల సూత్రం ఉంది, 2021లో సమగ్ర శిక్షను దానికి తగ్గట్టు మార్చారు కూడా. కానీ ఏ రాష్ట్రం మీదా ఏ భాషనూ రుద్దబోమని అదే విధానంలో రాసుంది. 1968 నుంచి ఇక్కడ నడుస్తున్నది రెండు భాషల పద్ధతే, ఇప్పటికీ అదే. ఇక పథకం డబ్బు వెళ్లేది ఎనిమిదో తరగతి దాకా ఉచిత పుస్తకాలకు, యూనిఫారాలకు, లైబ్రరీలకు, ఆడపిల్లల కస్తూర్బా హాస్టళ్లకు, టీచర్ల జీతాలకు. దాన్ని హిందీ పథకం అనడం అన్యాయం.

డబ్బు విషయంలో మెసేజ్ రెండు రకాలుగా తప్పు చెప్పింది. ఇది పూర్తిగా కేంద్రం ఖర్చు కాదు. మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. 2024-25కు తమిళనాడుకు ఒప్పుకున్న మొత్తం సుమారు 3,586 కోట్లు, అందులో కేంద్రం వాటా 2,152 కోట్లు. ఆ వాటా ఆగింది, నిజమే. ఎందుకు ఆగింది? పీఎం శ్రీ ఒప్పందం మీద రాష్ట్రం సంతకం చేయలేదు కాబట్టి. పీఎం శ్రీ వేరే పథకం. 14,500 బడుల్ని ఎంచుకుని బాగుచేస్తామంటూ 2022లో తెచ్చింది. సంతకం చేస్తామని ముందు రాసిచ్చి వెనక్కి తగ్గారని కేంద్రం వాదన. విద్యా విధానానికి మమ్మల్ని కట్టిపడేసే షరతు ఒప్పుకోమని రాష్ట్రం వాదన. ఎవరి మాట సరైనదో కోర్టు తేల్చాలి. సమగ్ర శిక్షను తమిళనాడు వద్దందన్నది మాత్రం అబద్ధం. ఆ డబ్బు ఇప్పించమని 2025 మేలో సుప్రీంకోర్టులో దావా వేసింది తమిళనాడే. వద్దన్నవాళ్లు వడ్డీతో సహా అడుగుతారా?

ప్రైవేటు బడులకు సంబంధం లేదా? విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఆ ఫీజును ప్రభుత్వం బడికి కడుతుంది, అందులో కేంద్రం భాగం వచ్చేది సమగ్ర శిక్ష నుంచే. అది ఆగబట్టే 2025లో ఏప్రిల్లో మొదలవ్వాల్సిన ఆ అడ్మిషన్లు అక్టోబరు దాకా సాగాయి. ఆ ఏడాది ఎల్‌కేజీ సీటు కోసం తిరిగిన తల్లిదండ్రుల్ని అడగండి, ఆ టెన్షన్ ఏమిటో చెబుతారు. మనవాళ్లు తరచూ బోల్తా పడేది ఒకటుంది: తెలుగు ట్రస్టులు నడిపే మైనారిటీ బడులకు ఈ 25 శాతం నిబంధన వర్తించదు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. అక్కడ అప్లికేషన్ పట్టుకుని కూర్చుంటే కాలం వృథా.

ఇక టీసీ. పెరంబూరులో మా వీధి ఆవిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. “అన్నా, మావాడికి టీసీ అడగమంటావా?” వాడికి వినికిడి లోపం, కార్పొరేషన్ స్కూల్లో నాలుగో తరగతి. చెవి పెరిగి, వినికిడి మిషన్‌ను చెవిలో పట్టి ఉంచే మోల్డ్ వదులైపోవడంతో మిషన్ కుయ్యిమని కూస్తోంది, క్లాసులో పిల్లలు నవ్వుతున్నారని వాడు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. ఆ ఇంటికి కావాల్సింది కొత్త మోల్డ్. మెసేజ్ ఇచ్చింది టీసీ సలహా.

2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు చదువు ఉచితం. దగ్గరున్న మామూలు బడిలోనా, స్పెషల్ స్కూల్లోనా అన్నది వాళ్ల ఇష్టం. బడి ఇష్టం కాదు, గవర్నమెంటు ఇష్టం అంతకన్నా కాదు. సమగ్ర శిక్ష డబ్బు పెడుతున్నది వాళ్లు మామూలు బడిలోనే నిలబడడానికి. ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 3,500 రూపాయల దాకా కేటాయింపు, స్పెషల్ టీచర్లు, ఎవరికి ఏ పరికరం కావాలో చూసే శిబిరాలు, బడికి రాలేనంత ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే చదువు.

అడగాల్సింది మీ బ్లాక్ రిసోర్స్ సెంటర్లో. బోర్డు మీద తమిళంలో ‘వట్టార వళ మైయం’ అని ఉంటుంది, పథకం పేరు ‘ఒరుంగిణైంద పళ్లిక్కల్వి’ అని కనిపిస్తుంది. వైకల్యం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) గానీ ఉంటే తీసుకెళ్లండి. శిబిరం ఎప్పుడో, మోల్డ్ ఎక్కడ మారుస్తారో అక్కడే చెబుతారు. వైకల్యం ఉన్నది ఆడపిల్లయితే నెలకు 200 చొప్పున పది నెలలు స్టయిపెండ్ కూడా ఉంది. అది బ్యాంకులో పడుతుంది కాబట్టి, ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి.