చెవులు సరిచేయించుకుంటే చెవుడొస్తుందా? ఆ వాట్సాప్ మెసేజ్‌కి నా జవాబు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఫ్యామిలీ గ్రూపుల్లో, ఊరి గ్రూపుల్లో ఈమధ్య ఒకే మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. "ఇరవై దాటినవాళ్లు తప్పక చదవండి" అని మొదలై "పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బయటికి పొడుచుకొచ్చిన చెవుల్ని పెద్దయ్యాక ఆపరేషన్‌తో వెనక్కి వంచడం కుదరదు, ఎముక గట్టిపడిపోయి ఉంటుంది, కోస్తే వినికిడి పోతుంది, నరాలు తెగి మతిమరుపు వస్తుంది, చెవులు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రెండేళ్లలో మళ్లీ మొదటికే వస్తుంది, పెద్ద చెవులు అదృష్టం, కోయించుకుంటే అరిష్టం, అంతగా కావాలంటే ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేస్తారు, అన్నిటికన్నా మేలైనది రాత్రి పడుకునేముందు పెట్టుకునే సిలికాన్ క్లిప్పు, లింకు కింద ఉంది.

కుదరదంటారు, మళ్లీ ఉచితంగా ఎక్కడ చేస్తారో కూడా వాళ్లే చెప్తారు. రాసినాయన ఒక్కసారైనా తిరిగి చదువుకున్నట్టు లేదు.

నేను డాక్టర్ని కాను. మా మేనల్లుడు ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు వెంట తిరిగినవాణ్ని, ఆ డాక్టర్ని అడిగినదే మళ్లీ అడిగి విసిగించినవాణ్ని, తర్వాత దొరికినంత చదివినవాణ్ని. ఈ మెసేజ్ మీద నాకున్న కోపం ఒక్కటే, భయపడక్కర్లేని వాటితో జనాన్ని బెదరగొట్టి, నిజంగా జాగ్రత్త పడాల్సిన వాటి ఊసే ఎత్తలేదు.

"ఎముక గట్టిపడిపోతుంది, పెద్దయ్యాక కుదరదు"

చెవి దొప్పలో అసలు ఎముకే లేదు. మీ చెవి పైభాగాన్ని వేలితో ముందుకు మడిచి వదిలేయండి, టప్పున వెనక్కి వస్తుంది కదా, అది కార్టిలేజ్, మన సైన్స్ పుస్తకాల్లో మృదులాస్థి అని చదువుకున్నది. కింద కమ్మ పెట్టుకునే తమ్మెలో అది కూడా ఉండదు, ఉత్త కొవ్వూ చర్మమే.

చెవి పొడుచుకొచ్చినట్టు కనబడటానికి ఎక్కువగా రెండు కారణాలు. చెవి అంచుకు లోపలివైపు ఇంకో మడత ఉంటుంది, చాలామందికి వేలు పెడితే తెలుస్తుంది, కొందరికి పుట్టుకతోనే ఆ మడత సరిగా పడదు. ఇంకొందరికి చెవి రంధ్రం చుట్టూ ఉండే గుంత మరీ లోతుగా ఉండి, చెవి మొత్తాన్ని బయటికి నెడుతుంది. కొందరికి రెండూ ఉంటాయి. పిల్లల స్కూల్ స్కేలు తీసుకుని తల పక్క నుంచి చెవి అంచు వరకు కొలిచి చూడండి, మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటుంది, రెండు దాటితే పొడుచుకొచ్చిన చెవి కింద లెక్కేస్తారు.

ఆపరేషన్‌లో చెవి వెనక, చెవీ తలా కలిసే మడతలో కోస్తారు, మచ్చ అక్కడే దాక్కుంటుంది. మడత లేనివాళ్లకు లోపల శాశ్వతమైన దారంతో కుట్లు వేసి మడత తెస్తారు, ఈ పద్ధతిని ముస్టార్డే అనే సర్జన్ 1963లో చెప్పాడు. గుంత లోతుగా ఉన్నవాళ్లకు ఆ గుంతనే వెనక్కి లాగి చెవి వెనకున్న ఎముక మీది పొరకు కుడతారు, అది 1968లో ఫర్నాస్ రాసిన పద్ధతి. అందం కోసం చెవులు వెనక్కి వంచే ఆపరేషన్ అయితే న్యూయార్క్‌లో 1881లోనే చేశారు. ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు.

ఇక చిన్నప్పుడే చేయించాలన్న మాటకు ఒక ఆధారం ఉంది, ఒప్పుకోవాలి. ఐదారేళ్లకే చెవి చాలావరకు పెద్దవాళ్ల సైజుకు వచ్చేస్తుంది, కార్టిలేజ్ కూడా మెత్తగా ఉంటుంది, బళ్లో "చేటచెవులోడా" అని ఏడిపించడం ముదరకముందే అయిపోతుందని డాక్టర్లు ఆ వయసు చెప్తారు. అది అనువైన వయసు, అంతే, ఆ తర్వాత తలుపులు మూసేస్తారని కాదు. పెద్దవాళ్లలో కార్టిలేజ్ బిరుసెక్కి ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఉత్త కుట్లు దాన్ని పట్టి ఉంచలేవు, అప్పుడు పైపైన సన్నగా గీతలు పెడతారు, తాటాకు మీద గీత గీస్తే అక్కడే వంగినట్టు అదీ వంగుతుంది. పైగా పెద్దవాళ్లతో ఒక వీలుంది, చాలామందికి పూర్తి మత్తు అవసరం లేకుండా చెవి చుట్టూ సూదులిచ్చి తిమ్మిరెక్కించి చేసేస్తారు.

"వినికిడి పోతుంది"

పోదు. కర్ణభేరి రంధ్రంలో దాదాపు రెండున్నర సెంటీమీటర్ల లోపల ఉంటుంది, విన్నది మెదడుకు పంపే ఏర్పాటంతా దానికీ అవతల ఉంటుంది. ఈ ఆపరేషన్ కత్తి అటువైపు పోదు. కట్టు ఉన్న నాలుగు రోజులు మాటలు దూరం నుంచి వచ్చినట్టు వినబడతాయి, కట్టు విప్పితే మామూలే. ఒక్క విషయం మాత్రం డాక్టర్‌ని అడగండి. గుంతను వెనక్కి లాగి కుట్టేటప్పుడు చూసుకోకపోతే రంధ్రం మూతి దగ్గర కాస్త ఇరుకయ్యే అవకాశం ఉంది, అందుకే అనుభవం ఉన్న చెయ్యి కావాలంటారు.

"నరాలు తెగి మతిమరుపు"

చెవి దొప్పకు స్పర్శ ఇచ్చే నరాలు మెడ వైపు నుంచి, కణత వైపు నుంచి వస్తాయి. వాటికి జ్ఞాపకశక్తితో ఏ సంబంధమూ లేదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు చెవి మొద్దుబారినట్టు ఉంటుంది, దువ్వెన తగిలినా తెలియదు, మెల్లగా తిరిగొస్తుంది. ఇంతకుమించి రాయడానికి ఇక్కడ ఏమీ లేదు.

"చెవులు పెరుగుతూనే ఉంటాయి, మళ్లీ మొదటికే"

సగం నిజాన్ని పట్టుకుని పూర్తి అబద్ధం చెప్పడం అంటే ఇదే. వయసుతో చెవులు సాగడం నిజం. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1995లో ఒక సరదా పరిశీలన వచ్చింది, ముప్పై దాటిన 206 మంది చెవులు కొలిస్తే ఏడాదికి సగటున 0.22 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతున్నట్టు తేలింది. అంటే సెంటీమీటర్ పెరగాలంటే నలభై ఐదేళ్లు పడుతుంది. అదీ పొడవులో, మన తాతల చెవులు కిందికి జారినట్టు కనబడటం అదే. తల నుంచి పక్కకు పొడుచుకురావడానికీ దానికీ సంబంధం లేదు.

ఆపరేషన్ అయ్యాక చెవి మళ్లీ ముందుకు రావడం కొందరిలో జరుగుతుంది, అయితే అది పెరుగుదల వల్ల కాదు. లోపలి కుట్టు కార్టిలేజ్‌ను కోసుకుని జారిపోవడమో, నిద్రలో చెవి దిండుకు మడతపడి గుంజడమో కారణం. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు రాత్రిపూట తలకు బ్యాండ్ పెట్టుకోమంటారు. మావాడు రెండో వారానికే దాన్ని మూలకు పడేశాడు, మా అక్క తిట్టి తిట్టి పెట్టించింది.

"పెద్ద చెవులు అదృష్టం"

నాగార్జునసాగర్ మనకు దగ్గరే, ఫణిగిరి మనకు దగ్గరే, బుద్ధుడి పొడవాటి చెవులు మనకెవరూ కొత్తగా చూపించక్కర్లేదు. గాంధీగారి చెవులు చూడండి. ఎవరి చెవులు వాళ్లకు నచ్చితే ఏ డాక్టరూ అక్కర్లేదు, నిజానికి ఈ ఆపరేషన్ అవసరమైన జబ్బు ఏదీ లేదు. కానీ మనిషి తనకు తానుగా కావాలనుకుంటే అరిష్టం పేరు చెప్పి ఆపడం ఏం పద్ధతి? దీనికి తిరగేసిన తప్పు కూడా మన ఇళ్లల్లో జరుగుతోంది, "సంబంధాలు చూస్తున్నాం, చెవులు చేయించుకో" అని ఆడపిల్లను తోయడం. ఆ పిల్ల అడగని ఆపరేషన్‌కి డబ్బు కట్టేవాళ్ల మీద నాకు ఆ మెసేజ్ రాసినాయన మీద కన్నా ఎక్కువ కోపం.

"ఆరోగ్యశ్రీలో ఉచితం"

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొట్టమొదట పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, కాబట్టి ఆ కార్డు దేనికి పనికొస్తుందో దేనికి రాదో పాలమూరు జనానికి బాగానే తెలుసు. 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలకు పెంచారు, నిజమే, కానీ అది జబ్బులకు, ప్రమాదాలకు. అందం కోసం చేయించుకునేది అందులోకి రాదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఇంతే, పాలసీ కాగితంలో కాస్మెటిక్ సర్జరీ మినహాయింపుల కింద ఉంటుంది, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత బాగుచేయడం లాంటివి తప్ప. జేబులోంచి పెట్టుకోవాల్సిందే. డాక్టర్ ఫీజు, థియేటర్, మత్తు, కట్లు, అవసరమైతే రెండోసారి సరిచేయడం, ఇవన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

బరువైన గెంటీలు, బుట్టకమ్మలు పెట్టి పెట్టి తమ్మె చీలిపోయిన అమ్మలు, అత్తలు కూడా ఈ మెసేజ్ చూసి భయపడుతున్నారని విన్నాను. వాళ్లది వేరే పని, చాలా చిన్నది, తిమ్మిరి సూదితో కుట్టేస్తారు, కార్టిలేజ్ జోలికే పోరు. కుట్టాక కొన్ని నెలలు ఆగి, మచ్చ మీద కాకుండా పక్కన కమ్మ కోసం కొత్తగా చెవి కుట్టించుకోమంటారు. ఈసారి తేలికైన కమ్మలు.

ఇప్పుడు ఆ మెసేజ్‌లో లేనిది చెప్తాను.

మా మేనల్లుడికి ఇరవై ఏడు, జడ్చర్ల రోడ్డు మీద రోజంతా బండి తిప్పే ఉద్యోగం. హెల్మెట్ పెట్టినప్పుడల్లా చెవులు మడతపడి సాయంత్రానికి ఎర్రగా కందిపోయేవి, ఇంటర్ నుంచి జుట్టు చెవుల మీదికి పెంచుకునే తిరిగాడు. హైదరాబాద్‌లో చేయించుకుని, తలకు పాగాలా కట్టుతో అదే రోజు బస్సెక్కి ఇంటికొచ్చాడు. రెండో రోజు రాత్రి ఫోన్: "మామా, ఎడమ దిక్కు ఒక్కటే గుంజుతుంది, గోళీ వేసుకున్నా తగ్గుతలేదు." డాక్టర్‌కి ఫోన్ చేస్తే పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండన్నాడు. కారు మాట్లాడుకుని పోయేసరికి, కట్టు విప్పి చూస్తే చెవి ముందువైపు చర్మం కింద రక్తం గడ్డకట్టి, నేరేడుపండు రంగులో ఉబ్బి ఉంది. తీసేసి, కడిగి, మళ్లీ కట్టు కట్టాడు. ఇప్పుడు బాగానే ఉంది.

ఆగితే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. కార్టిలేజ్‌కు సొంత రక్తనాళాలు ఉండవు, పైనున్న పొర నుంచే దానికి తిండి. మధ్యలో రక్తం చేరితే ఆ తిండి ఆగిపోయి కార్టిలేజ్ చచ్చి, చెవి ముడుచుకుపోతుంది. కుస్తీ పట్టేవాళ్లకు చెవులు ముద్దలుగా మారేది ఇందుకే. రెండు చెవులూ కొంచెం నొప్పి పెట్టడం మామూలే, ఒక్క చెవే పెరిగి పెరిగి నొప్పెడితే అది మామూలు కాదు. మూడు నాలుగు రోజుల తర్వాత ఎరుపు, వేడి, చీము కనబడినా అంతే, కార్టిలేజ్‌కు ఇన్‌ఫెక్షన్ సోకితే మొండిగా పట్టుకుంటుంది, పక్కనున్న ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని సరిపెట్టుకునేది కాదు. మనకు హైదరాబాద్ వంద కిలోమీటర్లు, కాబట్టి చేయించుకునేవాళ్లు మొదటి రెండు రాత్రులు ఎల్‌బీ నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ బంధువుల ఇంట్లోనో ఉండిపోండి.

ఇంకోటి కీలాయిడ్, అంటే గాయం మానిన చోట మచ్చ గట్టి బుడిపెలా పెరుగుతూ పోవడం. మన చర్మపు రంగు వాళ్లకు ఆ బెడద ఎక్కువ, చెవి దానికి ఇష్టమైన చోటు. చెవి కుట్టించుకున్న దగ్గర గానీ, టీకా వేసిన దగ్గర గానీ, పాత గాయం మీద గానీ గట్టి బుడిపె లేచి పెరిగిన చరిత్ర మీకుంటే డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి, అసలు ఆపరేషనే వద్దనుకోవడానికి అది సరైన కారణం. సిగరెట్ తాగేవాళ్లకు గాయం మానడం ఆలస్యం, అదీ దాచొద్దు. రెండు చెవులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తాయని మాటిచ్చే డాక్టర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, పుట్టుకతోనే ఎవరికీ అలా ఉండవు.

ఎవరు చేయాలంటే, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లు, లేదా ఈ పని అలవాటున్న ఈఎన్‌టీ సర్జన్. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి మొహమాటపడకండి. బ్యూటీ పార్లర్ పైఅంతస్తులో "అరగంటలో, కోత లేకుండా" అన్న బోర్డు చూసి మెట్లెక్కొద్దు.

చివరగా ఆ క్లిప్పు. ఇది పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. అప్పుడే పుట్టిన పిల్లలకు తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల చెవి కార్టిలేజ్ కొన్ని వారాలు మైనంలా వంగుతుంది, ఆ రోజుల్లో డాక్టర్ అచ్చు పెట్టి టేపు వేస్తే చెవి ఆకారం నిజంగానే మారుతుంది, ఆపరేషనే అక్కర్లేకుండా. మీ ఇంట్లో నెల లోపు పసిబిడ్డకు చెవి మడతపడి ఉంటే ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి, "పెరిగితే అదే సర్దుకుంటుంది" అని ఆగితే ఆ అవకాశం పోతుంది. ఆ పసిపిల్లల వైద్యాన్నే పట్టుకొచ్చి గడ్డాలు మీసాలు వచ్చినోళ్లకు క్లిప్పులు అమ్ముతున్నారు. పొద్దున తీయగానే చెవి దాని చోటికి అది వచ్చేస్తుంది, రోజూ పెడితే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. మావాడు కూడా ఆపరేషన్‌కి ముందు ఒకటి తెప్పించుకున్నాడు, ఇప్పుడు దాంతో మా అక్క ఉప్మారవ్వ ప్యాకెట్‌కి మూతి పెడుతోంది.