తేదీ చెప్పని దేశం కోసం ఎన్నాళ్లీ నిరీక్షణ?

డాలస్ శివార్లలో నాకు తెలిసిన ఒక తెలుగువారి ఇంట్లో, బీరువా అడుగు అరలో ఒక నీలం రంగు ఫైలు ఉంటుంది. అమెరికా ప్రభుత్వం పంపిన ఐ-797 ఆమోద పత్రాలన్నీ ఏళ్ల వారీగా అందులో పేర్చి ఉంటాయి. ఇంటి పెద్ద 2010లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద భార్యతో, నాలుగేళ్ల కూతురితో అక్కడ దిగారు. తరువాత పుట్టిన కొడుకు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. హైదరాబాద్‌లో పుట్టిన కూతురు మాత్రం ఇప్పటికీ తండ్రి వీసా మీద ఆధారపడిన మనిషే. శాశ్వత నివాస హక్కు ఇచ్చే గ్రీన్ కార్డు వరుసలో ఆయన ప్రయారిటీ డేట్ (వరుసలో చేరిన తేదీ) ఇంకా కరెంట్ కాలేదు, అంటే ఆయన వంతు రాలేదు. అమ్మాయికి 21 ఏళ్లు నిండేలోగా అది కరెంట్ కాకపోతే ఆమె తండ్రి దరఖాస్తులోంచి జారిపోతుంది. తల్లి చెయ్యి పట్టుకుని దిగిన దేశంలో, ఒకటో తరగతి నుంచి చదువుకున్న దేశంలో, విదేశీ విద్యార్థి వీసా కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినే అక్కాతమ్ముళ్లలో ఒకరిది ఆ దేశం, ఒకరిది కాదు.

విదేశీ అవకాశాలను పోల్చుకునేటప్పుడు మనవాళ్లు ముందుగా అడిగేది ప్యాకేజీ ఎంత అని. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయని నా అభిప్రాయం. శాశ్వత నివాస హక్కు ఎప్పుడు వస్తుందో ఆ దేశపు చట్టం మొదటి రోజే చెబుతుందా? అది వచ్చేదాకా మన బతుకు మన చేతిలో ఉంటుందా, యజమాని చేతిలో ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలతో తూచి చూస్తే, భారతదేశంలో పుట్టిన నిపుణుడికి అమెరికా ఇస్తున్న దారి సంపన్న దేశాలన్నింటిలోకీ అధ్వాన్నమైనది. తెలుగు కుటుంబాలు ఈ మాట బహిరంగంగా ఒప్పుకోవలసిన సమయం వచ్చింది.

హెచ్-1బీ వీసాను ఇప్పటి రూపంలో తెచ్చింది 1990 నాటి వలస చట్టం. ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే గ్రీన్ కార్డులకు ఏటా 1,40,000 అనే పరిమితిని, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించరాదన్న నియమాన్ని పెట్టింది కూడా ఆ చట్టమే. ఇక్కడున్న వైరుధ్యాన్ని గమనించాలి. పనికి పిలిచే హెచ్-1బీకి దేశాలవారీ పరిమితి లేదు కనుక ఏటా ఆమోదం పొందే దరఖాస్తుల్లో 70 శాతానికి పైగా భారతీయులవే ఉంటున్నాయి. ఉండిపొమ్మనే గ్రీన్ కార్డు దగ్గరకు వచ్చేసరికి మాత్రం 140 కోట్ల జనాభా ఉన్న భారతదేశానికీ, 4 లక్షల మంది కూడా లేని ఐస్‌లాండ్‌కూ ఒకటే గీత. పైగా ఆ 1,40,000లోనే భార్యాబిడ్డలను కూడా లెక్కగడతారు. ఈ వరుసలో 10 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారని, కొత్తగా చేరేవారు నూరేళ్లకు పైగా ఆగవలసి వస్తుందని వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2023లో లెక్క కట్టింది. నూరేళ్ల నిరీక్షణను నిరీక్షణ అనడం భాషకు అన్యాయం చేయడమే. దాన్ని నిరాకరణ అనాలి.

ఈ 7 శాతం నియమం పౌరసత్వాన్ని చూడదు, పుట్టిన చోటును చూస్తుంది. కడప ప్రాంతం నుంచి కువైట్ వెళ్లిన ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు అనుకుందాం. పెద్దవాడు కువైట్ ఆసుపత్రిలో పుట్టాడు, చిన్నవాడు పురిటికి తల్లి పుట్టింటికి వచ్చినప్పుడు కడపలో పుట్టాడు. ఇద్దరిదీ భారత పాస్‌పోర్టే. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే కంపెనీలో చేరి, ఒకే రోజు దరఖాస్తు చేశారు. పెద్దవాడి వంతు కువైట్ లెక్కలో కొద్ది ఏళ్లలోనే వస్తుంది. చిన్నవాడు భారతదేశం లెక్కలో ఒక తరం వెనక నిలబడతాడు. చిన్నవాడు కువైట్‌లో పుట్టిన అమ్మాయిని పెళ్లాడితే మాత్రం ఆమె జన్మస్థలం ఆధారంగా ఆ చిన్న వరుసలోకి మారవచ్చు. ప్రతిభను ఆహ్వానిస్తున్నామని చెప్పుకునే వ్యవస్థ మనిషి నైపుణ్యాన్ని వదిలేసి అతడి తల్లి ఏ ఊళ్లో ప్రసవించిందో అడుగుతోంది.

దీన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరగలేదని కాదు. దేశాలవారీ పరిమితిని ఎత్తివేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ మరో రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలిపే పని జరగనే లేదు. ఆ తరువాత గాలి పూర్తిగా ఎదురు తిరిగింది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన జారీ చేశారు. అదే ఏడాది డిసెంబరులో సోషల్ మీడియా ఖాతాల తనిఖీ పేరిట హైదరాబాద్‌తో సహా మన దేశంలోని కాన్సులేట్లలో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవుకు ఇంటికి వచ్చినవారు తిరిగి ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తామో తెలియక ఇక్కడే చిక్కుకుపోయారు.

రెండో ప్రశ్న ఇంకా కఠినమైనది. ఉద్యోగం పోతే హెచ్-1బీ ఉద్యోగికి మిగిలేది 60 రోజులు. కంపెనీ మారితే ప్రయారిటీ డేట్ నిలబడుతుంది కానీ కొత్త యజమాని లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి తగిన అమెరికన్లు దొరకలేదన్న ధ్రువీకరణ), ఐ-140 (ఉద్యోగి తరఫున వేసే గ్రీన్ కార్డు దరఖాస్తు) అన్నీ మొదటి నుంచి వేయాలి. పని స్వభావం మారితే ఫైలు మళ్లీ వేయవలసి వస్తుందన్న భయంతో పదోన్నతి వద్దనుకున్నవారిని నేను ఎరుగుదును. ఇల్లాలికి పని చేసే హక్కు 2015 తరువాతే, అదీ సాధారణంగా భర్త ఐ-140 ఆమోదం పొందాకే. అప్పటిదాకా ఎంటెక్ చదివిన అమ్మాయి అయినా ఇంట్లో కూర్చోవలసిందే.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కెనడా పద్ధతి రూపకల్పనలో మేలైనది. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో విమానం ఎక్కకముందే శాశ్వత నివాసం చేతికి రావచ్చు, పుట్టిన దేశాన్ని బట్టి కోత లేదు. అయితే 29 దాటితే వయసు పాయింట్లు తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. పైగా 2024లో ఆ దేశం వలస లక్ష్యాలను గట్టిగా కుదించింది, 2025 మార్చిలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను తీసేసింది. బ్రిటన్ అయిదేళ్లకు స్థిర నివాసం అని చెబుతూ వచ్చి, 2025 మేలో శ్వేతపత్రం వెలువరించి దాన్ని పదేళ్లకు పెంచుతామంది. దుబాయ్ గోల్డెన్ వీసా పదేళ్లు వస్తుంది, యజమాని పూచీ అక్కర్లేదు. కానీ ఉద్యోగికైతే నెలకు 30,000 దిర్హమ్‌ల జీతం కావాలి, పదేళ్ల తరువాత దక్కేది మరో పదేళ్ల వీసాయే తప్ప పౌరసత్వం కాదు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి వెళ్లి ఆ నగరాన్ని కట్టిన కూలీలకు ఈ బంగారు వీసా గురించి తలచుకునే వీలు కూడా లేదన్నది నేను మరిచిపోలేని విషయం.

జర్మనీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నా వాదనకు బలం అక్కడే ఉంది. గుర్తింపు పొందిన డిగ్రీ, నిర్ణీత జీతం ఇచ్చే ఉద్యోగం ఉంటే బ్లూ కార్డు అనే నివాస అనుమతి ఇస్తారు. ఆ జీతం 2025లో ఏడాదికి 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకు, కొత్త పట్టభద్రులకు సుమారు 43,760 యూరోలు. ఐటీ రంగంలోనైతే తగిన అనుభవం మూడేళ్లు ఉంటే డిగ్రీ లేకపోయినా దారి ఉంది. హెచ్-1బీకి ఉన్నట్టు లాటరీ లేదు, పుట్టిన దేశం లెక్క లేదు. ఇక శాశ్వత నివాసం: ఆ ఉద్యోగంలో ఉంటూ పెన్షన్ నిధికి చందా కడుతూ వచ్చిన మనిషికి, ప్రాథమిక స్థాయి (ఏ1) జర్మన్ వస్తే 27 నెలలకు, దానికి రెండు మెట్లు పైనున్న బీ1 స్థాయి వస్తే 21 నెలలకు. నెలలతో సహా చట్టంలో రాసి ఉంది. ఉద్యోగం పోయినంత మాత్రాన బ్లూ కార్డు వెంటనే రద్దు కాదు. ఐరోపా సమాఖ్య 2021 ఆదేశం ప్రకారం కొత్త పని వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు, రెండేళ్లకు పైగా కార్డు ఉన్నవారికి ఆరు నెలలు గడువుంటుంది. భార్య లేదా భర్త వచ్చిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. నైపుణ్యమున్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో ఆ దేశం ప్రకటించింది.

అమెరికా జీతానికి జర్మనీ జీతం సాటి రాదని, పన్నులు, సామాజిక బీమా కోతలు పోను చేతికొచ్చేది తక్కువని, విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమని అక్కడున్నవారు చెబుతారు. అది నిజం. వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 20.8 శాతం ఓట్లు వచ్చాయి. మూడేళ్లకే పౌరసత్వమిచ్చే వెసులుబాటును అదే ఏడాది అక్టోబరులో తీసేశారు. ఇవేవీ నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయినా 60 రోజుల నోటీసు మీద నిలబడిన జీతాన్నీ, 27 నెలల తరువాత ఉద్యోగం పోయినా నిలిచే నివాస హక్కుతో వచ్చే జీతాన్నీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం? అయిదేళ్లకు పౌరసత్వమన్న నియమం ఇప్పటికీ అలాగే ఉంది.

చివరికి అందరూ చెప్పే అడ్డంకి భాష. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. గ్రీన్ కార్డు వరుసలో ముందుకు జరగడానికి మనిషి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఎంత చదివినా, ఎంత కష్టపడినా పుట్టిన చోటు మారదు. జర్మనీ అడిగే మూల్యం మాత్రం మన శ్రమతో చెల్లించగలిగింది. ఏ1 నుంచి బీ1కి ఎదిగిన మనిషికి ఆరు నెలలు ముందుగా హక్కు వస్తుంది. కష్టానికి కాలాన్ని బదులిచ్చే చట్టం ఎన్ని దేశాల్లో ఉంది? రాయచోటి దగ్గర ఒక పల్లెలో, కువైట్‌లో పన్నెండేళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకావిడను కలిశాను. తాను ఎత్తుకుని పెంచిన అరబ్బు పిల్లలు ఫోన్ చేస్తే, పెరట్లో అంట్లు తోముతూనే ఆవిడ తడుముకోకుండా అరబ్బీలో మాట్లాడుతోంది. ఏ కోచింగ్ సెంటరూ ఆవిడకు నేర్పలేదు, బడికి వెళ్లింది అయిదో తరగతి వరకే. ఆవిడ బిడ్డల తరం ఇంజినీరింగ్ చదివి, మరో భాష మావల్ల కాదంటే నేను నమ్మను.

నేర్చుకునే శక్తి మనకుంది, నేర్పే ఏర్పాటే లేదు. అమీర్‌పేటలో ఒక్కో భవనానికి పది బోర్డులుంటాయి, ఆ కోర్సులన్నీ ఒకే దేశపు ఉద్యోగ మార్కెట్‌ను చూసి పెట్టినవి. మన ఇళ్లలో పిల్లవాడు ఇంటర్‌లో చేరిన నాటి నుంచే అమెరికా ఎమ్మెస్ మాట మొదలవుతుంది, పెళ్లి సంబంధాల్లో సైతం వీసా ఏదన్నదే మొదటి ప్రశ్న. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే పిల్లల భక్తిని నేను గౌరవిస్తాను. వాళ్లకు ఇంకో దారి ఉందని చెప్పవలసిన విద్యావ్యవస్థ మౌనంగా ఉండటాన్ని మాత్రం గౌరవించలేను. నర్సులకు జర్మన్ నేర్పించి పంపే పనిని తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇప్పటికే చేస్తోంది. నర్సుకు నేర్పగలిగింది ఇంజినీరుకు ఎందుకు నేర్పలేం? రెండు రాష్ట్రాల్లోని జేఎన్‌టీయూలు రెండో ఏడాది నుంచి జర్మన్‌ను, జపనీస్‌ను క్రెడిట్లున్న సబ్జెక్టులుగా పెట్టి, పరీక్షను జర్మన్ భాషా పరీక్షలు నిర్వహించే గోథే ఇన్‌స్టిట్యూట్ స్థాయిలకు ముడిపెడితే, చివరి సంవత్సరానికి బీ1 సర్టిఫికెట్‌తో బయటికొచ్చే విద్యార్థి 21 నెలల దారిలో అడుగుపెట్టడానికి సిద్ధంగా ఉంటాడు. జపాన్ పేరు ఊరికే చేర్చలేదు. అక్కడి ఉన్నత నైపుణ్య వీసాలో 70 పాయింట్లు వస్తే మూడేళ్లకు, 80 వస్తే ఏడాదికే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు, జపనీస్ పరీక్ష ప్యాసైనవారికి అదనపు పాయింట్లు ఉన్నాయి. కావలసింది అధ్యాపకుల నియామకం, సిలబస్ మార్పు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు. వచ్చే విద్యా సంవత్సరానికే ఇది మొదలు కావాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.