మచ్చుకైనా లేని మచ్చ

పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సు ప్రభువుల ముఖాలను, కాగితం మీద అచ్చు వేయడానికి, రాగి రేకుల మీద చెక్కిన కళాకారులను ముఖస్తుతిపరులని ఆడిపోసుకునేవారున్నారు. ఇది ఘోరమైన అపవాదు. వాళ్లు బురిన్ అనే ఉక్కు ఉలితో రాగిని గీరి పొట్ట పోసుకున్నవాళ్లు. గీత పడనిదే వాళ్లకు పూట గడవదు. అలాంటివాళ్లకు ప్రభువుల చెంపల మీద ఒక్క గీతయినా కనబడలేదంటే, లోపం చెంపల్లో లేదనే కదా అర్థం!

పద్నాలుగో లూయీకి తొమ్మిదేళ్ల వయసులో, 1647లో, మశూచి సోకింది. అమ్మవారు రాజులకు పోసినా గుర్తులు వదిలే పోతుంది. ఆ రాజునే పదకొండుసార్లు చెక్కిన రొబేర్ నాంతోయ్ పనితనాన్ని భూతద్దం పెట్టి చూడండి. చర్మమంతా సన్నని చుక్కలు, పొట్టి గీతలు. వెలుగు పడేచోట అవి పలచబడతాయి, దవడ కిందికి వచ్చేసరికి చిక్కబడతాయి. వేలకొద్దీ చుక్కలతో తయారైన ఆ ముఖంలో మశూచి చుక్క మాత్రం మచ్చుకైనా లేదు. దీన్ని నేర్పు అంటారు గానీ అబద్ధం అనరు.

పైగా కృతజ్ఞత అనేదొకటుంది. 1660లో, పెళ్లి కోసం స్పెయిన్ సరిహద్దుకు వెళ్లిన రాజు, అక్కడి నుంచే ఒక శాసనం జారీ చేశాడు: చెక్కుడు చేతిపని కాదు, స్వేచ్ఛాకళ, దాని మీద ఏ వృత్తి సంఘానికీ పెత్తనం లేదు. అంతటి ఉపకారం పొందిన చేయి, ఉపకారి బుగ్గ మీద గుంటలు తవ్వుతుందా?

సత్యనిష్ఠ అంతా విగ్గుల దగ్గర చూపారు. ఉలి పట్టిన చేతిని కదపకుండా, తోలుదిండు మీద రేకునే తిప్పుతూ, ఒక్కొక్క ఉంగరాన్ని మొదలు నుంచి కొస దాకా చెక్కారు. ఎవరి తల నుంచి కత్తిరించి తెచ్చారో తెలియని ఆ జుట్టుకు దక్కిన న్యాయం దాని కింది ముఖానికి దక్కలేదని గొణగడం భావ్యం కాదు. అండాకారపు చట్రం, కింద వంశచిహ్నం, బిరుదుల వరుస అన్నీ పోగా ముఖానికి మిగిలే జాగా ఎంతని!

అయితే ఆంత్వాన్ బెన్వా అనే మొరటువాడు, సుమారు 1705లో, అదే రాజును మైనంతో పోతపోసి, నిజమైన విగ్గు తగిలించాడు. అది ఇప్పటికీ వెర్సాయ్ రాజభవనంలో ఉంది. కుంగిన పెదవి, సడలిన గడ్డం, చెంప నిండా మశూచి గుంటలు. అదృష్టవశాత్తూ, మైనం అచ్చుకు పనికిరాదు.